తొమ్మిదో తరగతి ఉల్లిగడ్డ ప్రయోగం

నా మొదటి పోస్టింగు భూపాలపల్లిలో. అక్కడి బడిలో సైన్స్ ఫెయిర్ వస్తోందంటే ముందుగా ఎవరో ఒకరు హన్మకొండకు పోయి సామాను తేవాలి. థర్మోకోల్ షీట్లు, చిన్న మోటారు, రంగు బల్బులు, సెలైన్ పైపులు. తర్వాత బాగా మాట్లాడే పిల్లల్ని ఇద్దరిని ఎంచి, ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు కంఠస్థం చేయించేవాళ్లం. మిగతా తరగతి కిటికీ దగ్గర గుమిగూడి చూసేది. ఫెయిర్ అయిపోయాక ఆ నమూనా స్టాఫ్ రూంలో బీరువా మీదికెక్కేది. నేను చూసిన బళ్లన్నిటిలోనూ ఇదే పద్ధతి. దాని మీద నాకు పెద్ద అభ్యంతరం కూడా ఉండేది కాదు.

మహబూబాబాద్ దగ్గరి ఒక ఊరికి బదిలీ అయ్యాక, కరోనా తర్వాత బళ్లు పూర్తిగా తెరిచిన ఏడాది, ఆ పద్ధతి మారింది. అందుకు కారణం ఆదర్శమేమీ కాదు. తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లలంతా అంతకుముందు ఇళ్లలో ఫోన్ల ముందు కూర్చుని చదివినవాళ్లు. పరీక్షనాళిక చేతికిస్తే ఎక్కడ పట్టుకోవాలో తెలియక చూశారు. స్పిరిట్ దీపం వెలిగిస్తే ముందు వరస పిల్లలు బెంచీతో సహా వెనక్కి జరిగారు. వాళ్లలో ఇద్దరిని ఎంచుదామంటే ఎంచడానికి నాకు ఆధారమేమీ దొరకలేదు. అందుకని ఈసారి తరగతంతా కలిసి ఒకే ప్రయోగం చేస్తుందని హెడ్మాస్టరుకు చెప్పాను. ఆయన లెక్కల సారు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఖర్చు కావద్దు, పాఠాలు ఆగొద్దు అని ఒప్పుకున్నారు.

ఏ ప్రయోగం చేయాలో పిల్లల్నే అడిగాను. అగ్నిపర్వతం అన్నారు. రాకెట్ అన్నారు. చెయ్యి పెడితే దానంతటదే శానిటైజర్ పడే యంత్రం అన్నారు. ఒకడు డ్రోన్ అన్నాడు, వాళ్ల చిన్నాయన దగ్గర ఉందట, పొలానికి మందు కొట్టేది. మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, నీళ్లతో లేచే వంతెన నమూనా వరంగల్‌లో రెడీమేడ్‌గా దొరుకుతుందని, వాళ్ల బాపు కారులో పోయి తెస్తాడని చెప్పింది. ఆ అమ్మాయి మాజీ సర్పంచ్ మనుమరాలు. తండ్రికి ఊళ్లో ఎరువుల దుకాణం. తరగతికి లీడర్‌ని ఎన్నుకోమని నేనెప్పుడూ చెప్పలేదు గాని, లీడర్ తనేనని అందరికీ తెలుసు.

ఒక్కొక్కటీ బోర్డు మీద రాసి, చెప్పినవాళ్లను ఒకటే అడిగాను. ఇది చేస్తే నువ్వేం చేస్తావు, నీ పక్కనున్నవాడు ఏం చేస్తాడు అని. అగ్నిపర్వతంలో ఒకరు వెనిగర్ పోస్తారు, మిగిలినవాళ్లు చప్పట్లు కొడతారు. వంతెనలో ఒకరు సిరంజి నొక్కుతారు. డ్రోన్ అయితే చిన్నాయన ఎగరేస్తాడు. అలా ఒక్కొక్కటీ తుడిచేస్తూ పోతే బోర్డు ఖాళీ అయింది. పిల్లలు కొంచెం నిరుత్సాహపడ్డారు. అప్పుడు నేను మందార పువ్వుల సంగతి చెప్పాను. పువ్వుల్ని వేడినీళ్లలో నానబెడితే వచ్చే రంగునీళ్లు పులుపు తగిలితే ఎర్రగా, గులాబీగా మారతాయి. క్షారం తగిలితే ఆకుపచ్చగా మారతాయి. ఎవరింట్లోంచి వాళ్లు ఏదో ఒకటి తేవాలి. తెచ్చిన ప్రతిదాన్నీ ప్రతి ఒక్కరూ పరీక్షించాలి. అందరూ రాసింది కలిపి ఒక పెద్ద చార్టు చేస్తాం. ఊళ్లో వాడే వస్తువుల్లో ఏది ఆమ్లం, ఏది క్షారం అన్నది మన తరగతి చెబుతుంది.

లీడరమ్మాయి కాసేపు ఆలోచించి, గిది పేలదు, ఎగరదు గదా మేడం అంది. అయినా వాళ్లింటి వాకిట్లో మందార చెట్టుంది. మర్నాడు కవరు నిండా పువ్వులు తనే తెచ్చింది.

ఆ వారం మా గది కిరాణా కొట్టులా తయారైంది. చింతపండు రసం, నిమ్మకాయలు, మజ్జిగ, సున్నం తేట, బూడిద నీళ్లు, బట్టల సోడా, షాంపూ, పళ్లపొడి, బోరు నీళ్లు. ఒకమ్మాయి వాళ్ల అవ్వ వేసుకునే గ్యాస్ గోలీ పొడి చేసి తెచ్చింది. పిల్లలు వంతులవారీగా ప్లాస్టిక్ గ్లాసుల్లో చుక్కలు వేసి, రంగు చూసి, చార్టులో తమ పేరెదురుగా రాసుకున్నారు. పక్కవాళ్లది చూసి రాయొద్దని ఒకటే నియమం పెట్టాను.

చార్టు సగం నిండాక లీడరమ్మాయి నా దగ్గరికి వచ్చింది. అందరి వరసలూ దాదాపు ఒకేలా ఉన్నాయి, ఒక్క వరస తప్ప. అది చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్లవాడిది. వాడి తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్, పట్టాల మరమ్మతు చూసే పని. కాజీపేట, విజయవాడ లైను మా బడి వెనక నుంచే పోతుంది. బండి వస్తుంటే ఆ పిల్లవాడు తల తిప్పకుండానే అది గూడ్సో, ప్యాసింజరో, సూపర్‌ఫాస్టో చెప్పేవాడు. ఇంజిన్ డ్రైవర్ అవుతానని ఆరో తరగతి నుంచీ చెబుతుండటంతో బడి మొత్తం వాడిని డ్రైవర్ అనే పిలిచేది. హాజరు పిలిచేటప్పుడు తప్ప వాడి అసలు పేరు వినపడేది కాదు.

డ్రైవర్ వరసలో చింతపండు, నిమ్మకాయ, మజ్జిగ సరిగ్గానే ఉన్నాయి. బూడిద నీళ్ల దగ్గర గులాబీ అని ఉంది. సోడా దగ్గర గులాబీ. గ్యాస్ గోలీ దగ్గర మొదట ఆకుపచ్చ అని రాసి, కొట్టేసి, మారలేదు అని రాశాడు.

"వాడు చూడకుంటనే రాస్తుండు మేడం. వాని ఒక్కని వల్ల మన చార్టంత ఖరాబైతది," అంది అమ్మాయి.

"చూసే రాసిన," అన్నాడు వాడు బెంచీలోంచే.

ఇద్దరినీ నా బల్ల దగ్గరికి పిలిచి, రెండు గ్లాసుల్లో మందార నీళ్లు పోసి, ఒకదాంట్లో నిమ్మరసం, ఇంకోదాంట్లో సోడా కలిపి వాడి ముందు పెట్టాను. వాడు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గరికి తీసుకుని, నిమ్మరసం గ్లాసు చూపించి, ఇది గులాబీ అన్నాడు. వాడు వాసన చూసి చెబుతున్నాడని అమ్మాయి వెంటనే పట్టుకుంది. తరగతి నవ్వింది. ఈసారి వాసన లేకుండా ల్యాబులోని సజల ఆమ్లం చుక్క ఒకదాంట్లో వేసి, సోడా ఇంకోదాంట్లో వేసి, ముక్కు దగ్గర పెట్టకుండా చూడమన్నాను. వాడు గ్లాసుల్ని కిటికీ వెలుతురులోకి జరిపి చాలాసేపు చూశాడు. ఒకదానిది గులాబీ, రెండోది ఆకుపచ్చ. గది చివరి నుంచి కూడా తేడా తెలుస్తోంది.

"రెండు ఒక్క తీర్గనే ఉన్నయి మేడం," అన్నాడు. "గిది జర మబ్బుగున్నది. గంతే."

ఈసారి నవ్వు తక్కువ వచ్చింది. గంట కొట్టారు. చార్టు చుట్టి పెట్టమని చెప్పి పిల్లల్ని పంపేశాను.

డిగ్రీలో జన్యుశాస్త్రం చదివేటప్పుడు వర్ణాంధత్వం మాకు చాలా ఇష్టమైన ప్రశ్న. తల్లి నుంచి కొడుక్కి వస్తుందని గీతలు గీసి, గుండ్రాలు నింపి, మార్కులు తెచ్చుకునేవాళ్లం. ఎర్రకూ ఆకుపచ్చకూ తేడా తెలియని మనిషిని మాత్రం నేను అంతవరకు చూడలేదు. లేదా చూసినా తెలియలేదు. సాయంత్రం బడి విడిచాక వాడిని ఆగమని, ఫోనులో చుక్కల బొమ్మలు తెరిచి చూపించాను. రంగు చుక్కల మధ్య అంకె దాగి ఉండే బొమ్మలు అవి. ఇందులో ఏం కనబడుతోంది అంటే చుక్కలు అన్నాడు. రెండో దాంట్లో కూడా చుక్కలే. మూడో దాంట్లో ఏదో అంకె చెప్పాడు, అది నాకు కనిపిస్తున్న అంకె కాదు.

కొందరి కళ్లు పుట్టుకతోనే అలా ఉంటాయని, రోగం కాదని, చూపు తగ్గదని, చదువుకు అడ్డం రాదని నాకు తెలిసింది చెప్పాను. వాడు నా మాట వింటున్నట్టు లేడు. ఫోను వైపే చూస్తున్నాడు.

"మేడం, రైల్వే మెడికల్ల పెట్టే బుక్కు గిదేనా?"

వాళ్ల నాయినతో పనిచేసే ఒకాయన కొడుకు కంటి పరీక్షలో ఫెయిలయ్యాడని, చుక్కల బుక్కు పెడతారని ఇంట్లో అనుకుంటుంటే విన్నాడట. ఇలాంటిదే అయ్యుంటుందని చెప్పాను. వాడు సరే మేడం అని, బ్యాగు భుజానికి వేసుకుని, రైలు కట్ట వైపున్న చిన్న గేటులోంచి వెళ్లిపోయాడు.

మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ప్రయోగం ఆగిపోయింది. చార్టు చుట్టి ఉన్నది చుట్టి ఉన్నట్టే మూలన నిలబడింది. లీడరమ్మాయి ఆ వరస తీసేసి కొత్త చార్టు రాద్దామా అని ఒకసారి అడిగింది.

ఆదివారం నేను వాళ్లింటికి పోయాను. ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ, మిర్పతోటల ఉన్నరు, పొండి అని దారి చూపించింది. అది మొదటి కోత. తోటంతా ఆకుల మధ్య ఎర్రటి కాయలు. కూలికి వచ్చిన ఆడవాళ్లు వరసల్లో వంగి ఏరుతున్నారు. డ్రైవర్ కూడా వాళ్లమ్మ పక్క వరసలో ఉన్నాడు. మిగిలినవాళ్ల చేతులు కాయ నుంచి కాయకు చకచకా పోతున్నాయి. వాడు మాత్రం ప్రతి కాయనూ వేళ్లతో మెల్లగా నొక్కి చూసి తెంపుతున్నాడు. పండిన కాయ మెత్తబడుతుంది, పచ్చికాయ గట్టిగా ఉంటుంది. వాడి సంచిలోకి చూశాను. ఎర్ర కాయల మధ్య పచ్చివి అక్కడక్కడా ఉన్నాయి, చాలా లేవు.

నన్ను చూసి వాడు ఇంకో వరసలోకి జరిగాడు. వాళ్లమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గట్టు మీదికి వచ్చింది. వాడు ఇంట్లో ఏమీ చెప్పలేదట, కడుపు నొప్పి అన్నాడట. నేను మందార నీళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆమె ఎక్కడా ఆశ్చర్యపడలేదు.

"మా నాయిన గూడ గింతే మేడం," అంది.

ఆమె పుట్టిల్లు కొత్తగూడ అడవి పక్క. వాళ్ల నాన్నకు పోడు చేను ఉండేది. మిరప ఏరే రోజులు రాగానే అక్కడి జనం గుంపులుగా కిందికి, మైదానం ఊళ్లకు కూలికి దిగేవారు. ఆయనా వచ్చేవాడు. సాయంత్రం ఆయన బస్తా విప్పితే సగం పచ్చికాయలుండేవట. తోట ఆసాములు తిట్టేవారు. పని ఎగ్గొట్టడానికి కావాలనే అలా చేస్తున్నాడని గుంపులోవాళ్లే అనేవారు. కొన్నేళ్లకు ఆయన్ని ఎవరూ ఏరే పనికి పిలవలేదు, బస్తాలు మోసే పనికే పిలిచేవారు. అమ్మా కూతుళ్లు మాత్రం బాగా ఏరేవారు. మా నాయినకు ఎర్రకాయ కనబడదు అని చిన్నప్పుడు తను ఎవరితోనో అంటే వాళ్లమ్మ నోరు మూయించిందట. బద్ధకస్తుడంటేనే నయం, కళ్లు లేవని పేరొస్తే బయట మొహమెట్లా చూపించాలని.

పొద్దు వాలుతుంటే ఆమె భర్త డ్యూటీ దిగి నేరుగా తోట దగ్గరికే వచ్చాడు. నారింజ రంగు జాకెట్టు ఇంకా ఒంటి మీదే ఉంది. నేను చెప్పిందే ఆమె ఆయనకు మళ్లీ చెప్పింది, నాకంటే తక్కువ మాటల్లో. ఆయన గట్టు మీద కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచీ కొడుకును పట్టాల దగ్గరికి తీసుకుపోయి సిగ్నళ్లు అడిగేవాడట. వాడు ఒక్కటి కూడా తప్పు చెప్పలేదట.

"కింది దీపం ఎలిగితే ఎర్ర అంటడు. మీదిది ఎలిగితే పచ్చ అంటడు," అన్నాడు. "రంగు చూసి చెప్తుండనుకున్న మేడం. జాగ చూసి చెప్పిండన్నట్టు."

వాడిని కోప్పడలేదు. రైల్వేలో వేరే నౌకర్లు ఉంటాయి కదా అని నేనంటే, మస్తుంటయి మేడం అన్నాడు. ఆ మాట కొడుక్కి వినబడాలని కొంచెం గట్టిగా అన్నట్టనిపించింది. వాడు వరస చివర దాకా పోయి, అక్కడ నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

సోమవారం వాడు బడికి వచ్చాడు. నేను తరగతికి ఏమీ చెప్పలేదు. ప్రయోగం మళ్లీ ఎంచుకుందామని మాత్రం అన్నాను. ఎందుకని ఎవరో అడిగారు. అందరూ చేయగలిగింది కాదు కాబట్టి అన్నాను. అప్పుడు వాడే లేచి నిలబడ్డాడు. నాకు ఎర్ర, పచ్చ ఒక్క తీర్గ కనవడ్తయి, పుట్టుకతోనే గిట్లంట, అని చెప్పి కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆ రోజంతా పిల్లలు వాడి చుట్టూ చేరి పెన్నులూ రబ్బర్లూ రిబ్బన్లూ చూపించి ఇదేం రంగు, ఇదేం రంగు అని అడుగుతూనే ఉన్నారు. మొదట్లో చెప్పాడు. సాయంత్రానికి విసిగి అన్నిటికీ నలుపు అనడం మొదలుపెట్టాడు.

మారు ప్రయోగం సూచించింది లీడరమ్మాయే. వాడు నిమ్మకాయ, చింతపండు వాసనతోనే కనిపెట్టాడు కదా, అట్లా అన్నీ వాసనతోనే కనిపెట్టొచ్చా అని అడిగింది. అడిగిన తీరులో జాలి లేదు, క్షమాపణ లేదు. చార్టు పూర్తి కావాలన్న పట్టుదలే ఉంది. పదో తరగతి పుస్తకంలో అలాంటిది ఒకటి ఉంది. ఉల్లిగడ్డలు సన్నగా తరిగి గుడ్డ పేలికలతో కలిపి, మూత బిగించిన డబ్బాలో రాత్రంతా ఉంచితే పేలికలకు ఘాటు పడుతుంది. ఆ పేలికను ఆమ్లంలో ముంచి కడిగితే వాసన ఉంటుంది. క్షారంలో ముంచి కడిగితే పోతుంది. రంగుతో పని లేదు. ఆ మాట చెప్పగానే తరగతి ఒప్పుకుంది. ఉల్లిగడ్డల ధర అప్పుడు కాస్త దిగి ఉండటం కూడా కలిసొచ్చింది.

అనుకున్నంత తేలిక కాలేదు. పొద్దున డబ్బా మూత తీస్తే ఆ ఘాటు వరండా దాటి హెడ్మాస్టరు గదికి పోయేది. పాఠాలు ఆగొద్దన్నాను గాని ముక్కులు మూసుకోమనలేదు కదా అని ఆయన ఒకసారి వచ్చి చెప్పి పోయారు. సోడాలో వాసన చాలావరకు పోయింది. సున్నం తేటలో పోయిందని సగం మంది, పోలేదని సగం మంది. చేతులెత్తి ఓట్లు లెక్కపెడదామన్నారు. ఓట్లతో తేలదు, మళ్లీ చేయాలన్నాను. మళ్లీ చేస్తే మళ్లీ అదే తగువు. ఇద్దరికి అసలు ఏ వాసనా సరిగా తెలియలేదు. వాళ్లలో ఒకమ్మాయి, కరోనా వచ్చిపోయినప్పటి నుంచీ తనకు అంతేనని అప్పుడు చెప్పింది. కూరలో ఉప్పు కారమే తెలుస్తుందట, వాసన తెలియదట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఏ ప్రయోగం పెట్టినా ఎవరో ఒకరు బయట ఉంటారని నాకు ఆ రోజు అర్థమైంది. పిల్లలు దాని గురించి అంతగా ఆలోచించలేదు. పేలికలు ముంచే పని ఆ ఇద్దరికి ఇచ్చారు. వాసన పోయిందో లేదో ముంచినవాళ్లకే తెలియకపోతే పక్కవాళ్లకు సైగ చేయలేరు, మోసం జరగదు అని లెక్క.

వాసన చూసేవాళ్ల కళ్లకు రుమాలు కట్టారు. ఒక్కొక్కరి జవాబూ విడిగా రాసుకున్నారు. చార్టు పూర్తయ్యేసరికి అందరికంటే తక్కువ తప్పులు డ్రైవర్‌వే. మిర్పకాయలు ఏరే చేతికి మందు వాసన పట్టేస్తుంది మేడం, అందుకే ముక్కు బాగా పనిచేస్తుందని వాడు చెప్పిన కారణం మాత్రం నాకు సబబుగా అనిపించలేదు.

జిల్లా ఫెయిర్ మహబూబాబాద్‌లో. ఒక్కో అంశానికి ఇద్దరే పిల్లలు రావాలని నియమం. తరగతంతా చేసిన ప్రయోగమని చెప్పినా నియమం నియమమే. మాట్లాడటానికి లీడరమ్మాయిని, వాసనకు డ్రైవర్‌ని తరగతే ఎంచుకుంది. బస్సులో ఉల్లిగడ్డల డబ్బా ఒళ్లో పెట్టుకుని ముగ్గురం పోయాం. కండక్టరు రెండుసార్లు మా వైపు చూసి, కిటికీ తెరవమన్నాడు.

మా బల్లకు ఒక పక్కన వీధి దీపాలు చీకటి పడగానే వాటంతటవే వెలిగే నమూనా, ఇంకో పక్కన రోబో చెయ్యి. మధ్యలో గుడ్డ పేలికలు, స్టీలు గిన్నెలు, చార్టు. జనం దీపాల దగ్గర ఆగి, మా దగ్గర ముక్కు చిట్లించి, రోబో దగ్గర ఆగేవారు. మధ్యాహ్నం జడ్జీలు వచ్చారు. వాళ్లలో ఒకరు కాలేజీ లెక్చరర్, మృదువుగా మాట్లాడే మనిషి. అమ్మాయి చెప్పిందంతా విని, ఇది టెక్స్ట్ బుక్కులో ఉన్నదే కదమ్మా, మీరు చేసిన కొత్తదేముంది అని అడిగారు. ఆ ప్రశ్నకు నేను జవాబు నేర్పలేదు.

"రంగుది గూడ బుక్కుల ఉన్నదే సార్," అంది అమ్మాయి. "ముందు గదే చేసినం. కని అది మా క్లాసుల అందరు చెయ్యలేకపోయిండ్రు. గిది అందరం చేసినం."

ఎందుకు చేయలేకపోయారని ఆయన అడిగారు. అమ్మాయి పక్కకు చూసింది. డ్రైవర్ తన సంగతి చెప్పాడు. తరగతిలో చెప్పినంత వేగంగా కాదు, కొంచెం ఆగి ఆగి. ఆయన చార్టులో వాడి వరస వెతికి, వేలు పెట్టి చదివారు. కళ్లకు రుమాలు కట్టించి పేలికలు ఇచ్చి చూశారు. ఒకటి తప్పింది, సున్నం తేటది. దీని మీద మా క్లాసుల ఇంక తగువున్నది సార్ అన్నాడు వాడు. ఆయన నవ్వి ఏదో రాసుకుని పక్క బల్లకు పోయారు.

మొదటి బహుమతి వీధి దీపాలకు వచ్చింది. రెండోది, మూడోది ఎవరికి వచ్చాయో గుర్తులేదు. మాకు పాల్గొన్నట్టు సర్టిఫికెట్లు ఇచ్చారు. వాటి మీద రెండు పేర్లే ఉన్నాయని తరగతిలో కొంత గొడవైంది. హెడ్మాస్టరు తెల్ల కాగితాల మీద అందరి పేర్లూ విడివిడిగా రాయించి, బడి ముద్ర వేసి ఇచ్చారు. చార్టు మాత్రం వానాకాలం వరకు గోడకు ఉంది. తర్వాత చెదలు పట్టింది.

ఆ ఎండాకాలం సెలవుల ముందు ఆ పిల్లవాడు నన్ను ఒకటి అడిగాడు. ఫోనులో చూపించిన చుక్కల బొమ్మలు కాగితం మీద కావాలని. ఎందుకని అడిగితే, తాతకు చూపిస్త అన్నాడు. మహబూబాబాద్‌లో నెట్ సెంటరులో రంగుల్లో ప్రింటు తీయించి ఇచ్చాను. వాటితో వాళ్లమ్మ వెంట కొత్తగూడ పోయాడు. తర్వాత జరిగింది బడి తెరిచాక వాళ్లమ్మ చెప్పింది. తాతా మనుమడూ వాకిట్లో మంచం మీద కూర్చుని ఆ కాగితాలు ఒక్కొక్కటీ చూశారట. తాతకు ఏ ఒక్క దాంట్లోనూ సరైన అంకె కనిపించలేదు. మనుమడికీ కనిపించలేదు. ఇంట్లో ఉన్నవాళ్లందరికీ కనిపించాయి. ఇరుగుపొరుగు వచ్చి చూశారు, వాళ్లకూ కనిపించాయి.

"గిప్పుడు తెలిస్తె ఏం లాభం బిడ్డా, నన్ను తిట్టినోళ్లంత పోయిండ్రు," అన్నాడట పెద్దాయన కూతురితో.

కానీ ఆ కాగితాలు మనుమడికి తిరిగి ఇవ్వలేదట. మడిచి దూలం సందులో దోపుకున్నాడట. ఎవరైనా ఇంటికి వస్తే తీసి చూపిస్తున్నాడని, ముసలమ్మ మాత్రం ఇంకా సిగ్గు పడుతోందని చెప్పింది.

పదో తరగతిలో వాడికి మంచి మార్కులే వచ్చాయి. బడి వాడిని డ్రైవర్ అని పిలవడం మానలేదు. ఫెయిర్ తర్వాత కొన్నాళ్లు లీడరమ్మాయి ఆ పేరు సగంలో ఆపి అసలు పేరుతో పిలిచేది. వాడే, ఏందే కొత్తగ పిలుస్తున్నవ్ అంటే మళ్లీ పాత పేరే వచ్చింది. వాసన తెలియని అమ్మాయిని వాళ్లమ్మ దవాఖానకు తీసుకుపోయింది. కొంత కాలానికి వాసన కొంత తిరిగి తెలుస్తోందని ఆ అమ్మాయే చెప్పింది, ముందు కిరోసిన్, తర్వాత మల్లెపూలు.

ఇప్పుడు నేను జనగామలో ఉంటూ లింగాల ఘనపూర్ మండలంలోని బడికి పోయి వస్తున్నాను. తొమ్మిదో తరగతి వాళ్లు ఈసారి ఎవరి చేను మట్టి నీళ్లను ఎంతసేపు పట్టి ఉంచుతుందో చూద్దామంటున్నారు. చేను లేనివాళ్లు ఏం తేవాలని ఒకమ్మాయి అడిగింది. దాని మీద తరగతిలో మాటలు నడుస్తున్నాయి. చెరువు మట్టి అంటున్నారు, బడి ఆవరణలోది అంటున్నారు.

మొన్న ఆ పిల్లవాడు ఫోన్ చేశాడు. డిగ్రీలో కామర్స్ చదువుతున్నాడు, మహబూబాబాద్‌లోనే. రైల్వేలో క్లర్కు పోస్టులకు పరీక్ష రాశాడట. టికెట్లిచ్చే కొలువుకు చుక్కల బుక్కు పెట్టరంట మేడం, కనుక్కున్న అన్నాడు. నాయిన ఇంకా అదే సెక్షనులో చేస్తున్నాడని, మోకాళ్ల నొప్పులున్నాయని, తాత బాగానే ఉన్నాడని చెప్పాడు. మాట్లాడుతుండగా వెనక బండి చప్పుడు వినిపించింది. ఏ బండి అని అడిగాను. బొగ్గు గూడ్సు అన్నాడు. పరీక్ష ఫలితాలు ఇంకా రాలేదు.